పైడమ్మ మెడలోని సైన్యం ఆస్తి

పైడమ్మ మెడలో పెరిగిన గడ్డ సైన్యం ఆస్తి అని తేలడంతో ఆపరేషన్ ఆగిపోయింది. డాక్టరుగారు కత్తి కింద పెట్టేశారు. ప్రభుత్వ ఆస్తి మీద చెయ్యి వేస్తే ఆయన ఉద్యోగానికే ఎసరు.

తేల్చడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. యుద్ధం ముగిశాక సైన్యం మిగిలిన మందుగుండును జీలుగువలస పొలాల్లో పాతిపెట్టి వెళ్లిపోయింది. అది నేలలో ఇంకి బావుల్లోకి దిగింది. ఫిరంగి గుండ్ల ఇత్తడి డొల్లల్ని ఊరి ఆడవాళ్లు చింతపండుతో తళతళలాడేలా తోమి, వాటిలోనే ఆ నీళ్లు పట్టుకునేవారు. ఇత్తడిలో నీళ్లు ఒంటికి మంచివని ఎవరికి తెలియదు! పరీక్ష చేస్తే గడ్డలో దొరికింది ఆ మందుగుండే కాబట్టి, రూపం మారినా హక్కు మారదని సైన్యం చెప్పింది. ఇంటికొక గడ్డ చొప్పున, అంత ఆస్తి ఉన్న ఊరు ఆ జిల్లాలో మరోటి లేదు.

తనిఖీకి వచ్చిన మేజర్ మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం బయటే విప్పాడు. గడ్డను రెండు వేళ్లతో నొక్కి చూసి, భద్రంగానే ఉందని తృప్తిపడ్డాడు.

“మీదే అయితే మీరే పట్టుకెల్లిపోండి బాబూ. ముద్ద మింగుడు పడక సస్తన్నాను,” అంది పైడమ్మ.

“మళ్లీ యుద్ధమొస్తే తప్పకుండా తీసుకుంటామమ్మా.”

“అదొచ్చీదాకా నానుంటానా?”

ఆ సంగతి తన శాఖ కిందికి రాదన్నాడు మేజర్.

గడ్డకు కాపలాగా ఒక జవానును పెట్టారు. నెమ్మదస్తుడు. పైడమ్మ పెట్టిందే తిన్నాడు, ఇచ్చిన నీళ్లే తాగాడు. కొన్నాళ్లకు అతని మెడలోనూ గడ్డ లేచింది. సైన్యం ఆస్తి సైన్యం మనిషిలోనే ఉంది గనుక ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. సైనిక ఆసుపత్రిలో వెంటనే తీసేశారు.

కుట్లతో తిరిగి డ్యూటీకి వచ్చిన అతన్ని చూసి పైడమ్మకు ఏడుపొచ్చింది. సంతోషమో కుళ్లో ఆవిడకే తెలియలేదు.

“నన్నూ సైన్నెంలో సేర్సుకోరా బాబూ?”

“మీకు వయసు దాటిపోయిందమ్మా.”

“ఆడపిల్లల్ని తీసుకుంటారా?”

“తీసుకుంటారు. బాగా పరుగెత్తాలి.”

మర్నాడు పొద్దున్నే పైడమ్మ మనవరాలు నూకరత్నాన్ని నిద్రలేపి వీధిలోకి తీసుకొచ్చింది. పిల్లకింకా పాలపళ్లు ఊడలేదు.

“ఎందుకే మామ్మా?” అంది పిల్ల కళ్లు నులుముకుంటూ.

“గడ్డ లేసీనాటికి నువ్వు సైన్నెంలో ఉండాలే. పరిగెట్టు,” అంది పైడమ్మ.

నూకరత్నం పరుగెత్తింది. వీధి మలుపు దగ్గర అప్పటికే ఊళ్లో పిల్లలంతా పరుగెడుతున్నారు.