ఉమ్మడి మెమోలో నాలుగో అంశం

న్యాయస్థానాల విలువైన సమయాన్ని ఆదా చేయాలని కరువు నివారణ మండలి ఛైర్మన్ పెద్ద ఈరన్న, వైస్ ఛైర్మన్ హనుమేష్ సంయుక్తంగా నిర్ణయించారు. ఈ సంగతిని ప్రెస్‌మీట్ పెట్టి, ఒకే శాలువాను ఇద్దరూ కప్పుకుని ప్రకటించారు. మొన్నటిదాకా ఒకరి పేరు వినబడితే ఇంకొకరు ఉమ్మేసేవారు. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే పార్టీ. కాబట్టి ఇద్దరి మీదా ఉన్న దావాలో ఇంకా వాదించుకోవడం వారికి సిగ్గుగా తోచింది.

"అందరూ ఒప్పుకున్న విషయానికి సాక్ష్యాలతో పనిలేదు. మేం చెప్పేది కాదప్పా, చట్టమే చెప్తాండాది" అన్నాడు ఈరన్న. విలేఖరులు రాసుకున్నారు. టిఫిన్ కూడా బాగుంది.

ఆ దావా వేసినవాడు హుసేన్ వలి. ఆలూరు రోడ్డులో రాళ్లకొట్టాల క్రాసు దగ్గర అతనిది పంచర్ షాపు. నాలుగేళ్ల కిందట ఈరన్న మనుషులూ హనుమేష్ మనుషులూ ఆ క్రాసులోనే కొట్టుకున్నారు. రెండు పక్షాలూ శాంతికాముకులు కావడంతో ఎవరి తలకాయా పగల్లేదు. షాపు మాత్రం కాలిపోయింది. పెద్దోళ్లతో మనకెందుకని భార్య నబీసా మొత్తుకున్నా వినకుండా వలి ఇద్దరి మీదా కోర్టుకెక్కాడు. కాల్చిన షాపు కట్టించి ఇవ్వాలి, అంతకు మించి అతను అడిగిందేమీ లేదు. ఇన్నాళ్లూ కాల్చింది హనుమేషేనని ఈరన్న, కాదు ఈరన్నేనని హనుమేష్ కోర్టులో చెబుతూ వచ్చారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి వలికి ధైర్యంగానే ఉండేది.

ఇంతలో, మాకు ఒప్పుదలైన విషయాలివీ అని అన్ని పక్షాలూ కలిసి కోర్టుకు రాసిచ్చే ఉమ్మడి మెమో వచ్చింది. వలి తరఫు వకీలు ఓబుళేశు దాన్ని తన ఆఫీసులో చదివి వినిపించాడు. ఒకటి, రాళ్లకొట్టాల అనే ఊరు ఉన్నది. రెండు, ఆ ఊరికి క్రాసు రోడ్డు ఉన్నది. మూడు, సదరు క్రాసులో పంచర్ షాపు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నాలుగు, ప్రతివాదులు ఇద్దరూ గత ఐదేళ్లలో ఆ ఊళ్లో కాలు పెట్టలేదు. పై విషయాలు ముగ్గురికీ సమ్మతం.

ఐదేళ్లెందుకని వలి అడిగాడు. పోలీసుల కాగితంలో ఒక తేదీ, దావాలో ఇంకో తేదీ పడ్డాయట. ఏ తేదీతోనూ పేచీ రాకుండా ఐదేళ్లనూ కలిపి చుట్టేశారట. ఈ ముందుచూపు హనుమేష్‌దని వకీలు మెచ్చుకున్నాడు.

"షాపు లేదని నేనెప్పుడు ఒప్పుకుంటి సార్?"

"నువ్వు ఒప్పుకోల్యా. నీ తరఫున నేను ఒప్పుకున్న్యా. వకాలత్ మీద సంతకం పెట్టింటివి గదా."

వలికి ఒళ్లు మండింది. అయినా ఏమనగలడు? ఓబుళేశు అప్పటికే కరువు నివారణ మండలికి న్యాయ సలహాదారు. కరువు మీద ఆయనకున్న పట్టు అలాంటిది.

మెమోను కోర్టు ఇంకా రికార్డు చేయనేలేదు. అయినా కరెంటోళ్లకు చట్టమంటే ఎంత గౌరవమో, మూడో రోజే వచ్చి నిచ్చెన వేశారు. కాలిన చోటే వలి నాలుగు రేకులు వేసుకుని, కంప్రెసర్ పెట్టుకుని బతుకుతున్నాడు. లేని షాపుకు మీటరు ఎట్లుంటుందని వాళ్లు మర్యాదగా అడిగి, తీగ కత్తిరించుకుని పోయారు. ఆ రోజు వలి ఒక్క టైరుకూ గాలి పట్టలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం నాయకులిద్దరూ ఒకే కారులో ఎలక్షన్ల పని మీద పోతుంటే, సరిగ్గా రాళ్లకొట్టాల క్రాసులో టైరుకు మేకు దిగింది. స్టెప్నీలో గాలి ఏనాడో పోయింది. వలి పాత కక్షలేమీ మనసులో పెట్టుకోకుండా మేకు పీకాడు, ప్లగ్గు దోపాడు, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"గాలి పట్టేకి కరెంటు ల్యాదన్నా" అన్నాడు.

ఈరన్న వెంటనే కరెంటు ఇంజనీరుకు ఫోన్ చేసి, వలి షాపుకు ఈ నిమిషమే లైన్ ఇవ్వమన్నాడు. మీ మెమో ప్రకారం అక్కడ షాపు లేదు సార్, ఆ మాటకొస్తే అక్కడ మీరు కూడా లేరు అన్నాడు ఇంజనీరు. ఇంత నిక్కచ్చి అధికారి మన మధ్య ఉన్నందుకు ఈరన్న ఫోన్‌కే ఒక దండం పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఎండ నలభై మూడు డిగ్రీలు. నాయకులు ఊళ్లోకి నడవక తప్పలేదు. ఊళ్లోంచి ఎదురొచ్చిన కార్యకర్తలు ఫొటోలు తీశారు, కొంచెం దూరం పోయాక నినాదాలూ అందుకున్నారు. మర్నాడు పేపర్లలో 'ఎండను లెక్కచేయని ఈరన్న: పాదయాత్రకు శ్రీకారం' అని పడింది. ఫొటోలో ఇద్దరూ చేతులెత్తి నవ్వుతున్నారు. వెనకాల రేకు మీద 'వలి పంచర్ షాపు' అన్న అక్షరాలు తేటగా కనబడుతున్నాయి. అదే ఫొటోతో కోర్టు గేటు ఎదురుగా కూడా పెద్ద ఫ్లెక్సీ లేచింది.

వాయిదా రోజు మెమో చదివి, దీనికి ఒప్పుకుంటున్నావా అని జడ్జి వలిని అడిగారు. ఒప్పుకుంటున్నాడని ఓబుళేశు లేచాడు. మిమ్మల్ని అడగలేదని జడ్జి ఆయన్ను కూర్చోబెట్టారు. నాలుగేళ్లు వాయిదాలకు తిరిగిన వలి చేతులు కట్టుకుని మెల్లగానే మాట్లాడాడు.

"మూడోది అబద్ధం సార్. నాలుగోదానికి మాత్రం ఒప్పుకుంటాండా. ఈయప్పలు మా ఊర్లో ఐదేండ్లుగా కాలు పెట్టల్యా. కోర్టు ముద్రేసి నాకొక కాపీ ఇప్పీండి. వచ్చే నెల ఎలక్షన్లు గదా, పంచాయితీ ఆఫీసు గోడకు అంటిస్తా."

వెనక బెంచీలో విలేఖరులు పెన్నులు తీశారు. మెమో రికార్డయ్యాక ఫొటో దిగుదామని వచ్చిన ఈరన్న ఒక్క ఉదుటున లేచాడు.

"అది తప్పు సార్. నేను పోయినా. మొన్న గురువారమే పోయినా, పేపర్లో గుడక పడింది."

ఊళ్లో ఎక్కడికి పోయారని జడ్జి అడిగారు.

"క్రాసులోకి సార్. ఈ వలి పంచర్ షాపు ముందర అరగంట నిలబడితి. ఊరంతా చూసింది."

హనుమేష్ ఇంకా కూర్చునే ఉన్నాడు. పేరంతా ఈరన్నకే పోతున్నదని అతనికి అర్థమైంది. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఈయప్ప మొన్నట్నుంచి పోతాండాడు సార్. నేను ముందునుంచీ పోతాండా. ఆ షాపు కాలినప్పుడు గుడక నేను ఆడనే ఉంటి."

ఓబుళేశు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. జడ్జి టైపిస్టు వైపు తిరిగి, ఒప్పుకున్న విషయాలకు సాక్ష్యాలతో పనిలేదు, రాసుకోమన్నారు.