ఘాటు వాసన ముద్ర

మూత తిప్పేముందు సీసా మీద ఏం రాసుందో చూడనివాడా, నిన్నే! పక్కకి చూడకు, విను.

ఒక పెద్ద అడవిలో దగ్గు జబ్బు పాకింది. ప్రతి గుహా, ప్రతి బొరియా శుభ్రంగా ఉండాలని సింహం ఆజ్ఞ. తనిఖీ పని ఎలుగుబంటి భూషయ్యకు దక్కింది. కొండకవతలి తేనెపట్టును ఇవతల నుంచే పసిగట్టే ముక్కు ఆయనది. ఆ ముక్కు చూసే పదవి ఇచ్చారు.

కానీ భూషయ్యకు జబ్బంటే ప్రాణభయం. ఒక్క బొరియలోకీ తొంగిచూడడు. గుమ్మం దగ్గరే నిలబడి గాలి పీలుస్తాడు. ఘాటు వాసన వస్తే శుభ్రమన్నట్టు, గుమ్మానికి ఎర్రమట్టి ముద్ర. ముద్ర లేనివాళ్లు వాగులో నీళ్లు తాగకూడదు.

ఇంకేం, మూతపడ్డ అటవీ బంగళా నుంచి కోతులు సీసాలు మోసుకొచ్చి పంచాయి. ఒకటి నేల కడిగే బ్లీచింగు నీళ్లు, ఇంకొకటి మరుగుదొడ్డి కడిగే యాసిడ్. రెండూ కలిపితే విషపు గాలి పుడుతుందని వాటి మీద రాసే ఉంది, చదివేదెవరు?

కుందేలు నర్సమ్మ బొరియలో గడ్డిపోచ కనబడితే ఒట్టు.

"వాసనేదమ్మా?" అన్నాడు భూషయ్య.

"ఊడ్చి, కడిగి, ఆరబెట్టాను బాబుగారూ. లోపలికొచ్చి చూడండి."

"లోపలికా? నాకు పిల్లలున్నారు!"

"నాకూ ఉన్నారండి. దాహంతో ఏడుస్తున్నారు."

"అయితే వాసన రప్పించు."

నర్సమ్మ ఏం చేస్తుంది? రెండు సీసాలూ కలిపి పోసింది. భూషయ్య మళ్లీ వచ్చేదాకా వాసన పోకూడదని బొరియ మూసేసింది. కాసేపటికే కళ్లు మండి, దగ్గుతో ఊపిరాడక, పిల్లల్ని మెడ పట్టి బయటికి లాక్కొచ్చింది. చిన్నది సాయంత్రానికి గానీ కళ్లు తెరవలేదు.

ఆ దగ్గులు విని భూషయ్య పరుగెత్తుకొచ్చాడు, గుమ్మం దాకా.

"చూశారా, జబ్బు ముదిరింది! ఇకనుంచి అందరూ రెండూ కలిపే కడగాలి."

"జబ్బు కాదయ్యా, మీ వాసనే!"

"నీళ్లు కావాలా, వద్దా?"

నర్సమ్మ గుమ్మం నుంచి పక్కకి జరిగింది. ముద్ర పడింది.

ఇంతలో సింహమే తనిఖీకి వస్తోందని కబురొచ్చింది. అధికారి గుహ అందరికంటే ఘాటుగా లేకపోతే పరువేం కావాలి? భూషయ్య రెండు రకాలూ నాలుగేసి సీసాలు కుమ్మరించి, గుమ్మానికి బండ అడ్డం దొర్లించి లోపల కూర్చున్నాడు.

సింహం వచ్చి బయటే నిలబడి గాలి పీల్చింది. లోపల గోళ్లతో బండను గీకుతున్న చప్పుడు.

"భేష్! ఇంకా తోముతూనే ఉన్నాడు," అని ముద్ర వేయించి వెళ్లిపోయింది.

ఆ చప్పుడు ఎలాంటిదో అక్కడే నిలబడ్డ నర్సమ్మకు తెలుసు. అడవిపందుల్ని పిలుచుకొచ్చి బండ తీయించింది. భూషయ్య బతికాడు. ముక్కు బతకలేదు.

పదవి మాత్రం ఉంది. ఇప్పుడాయన తేనెపట్టు కిందే కూర్చుని, దారినపోయే వాళ్లని అడుగుతుంటాడు: "బాబూ, ఇక్కడెక్కడైనా తేనె ఉందా?"

ఇందులో నీతి అంటావా? ముద్ర దక్కితే చాలు, ముక్కు ఎవడికి కావాలి!