మాయమైన టేబుల్ ఫ్యాన్ల సంఘం

"కరుణాకర్! ఈ నగరంలో నేరం తుమ్మాలన్నా నా అనుమతి కావాలి!" అని ప్రకటించాడు నా గదిమిత్రుడు, డిటెక్టివ్ సోమయాజులు. అప్పటికి అతని ఎడమకాలికి తన చెప్పు, కుడికాలికి నాది ఉన్నాయి. ఆ చెప్పు కోసమే నేను పొద్దుటి నుంచి మంచం కింద దేవులాడుతున్నాను.

ఇంతలో ఆబిడ్స్‌లోని మా గది తలుపు తట్టారు కమలకుమారి గారు. పాత టేబుల్ ఫ్యాన్లంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఆన్‌లైన్‌లో సంఘం పెట్టి, ఏళ్ళ తరబడి నడుపుతున్న మనిషి. ఫ్యాన్లకు ఫ్యాన్లన్నమాట.

"మా వాళ్ళంతా మాయమయ్యారండీ!"

సంగతేమిటంటే, ఆ సంఘం ఇన్నాళ్ళూ ఓ పెద్ద కంపెనీ సైటులో కిరాయికి ఉన్నట్టు ఉండేది. ఫ్యాను ఫొటో పెడితే పక్కనే ఏసీ ప్రకటన. రెక్కలు విప్పి చూపిస్తే 'అభ్యంతరకర దృశ్యం' అని తీసేసేవాళ్ళు. చివరికి నెలాఖరుకు గ్రూపే మూసేస్తామన్నారు. దాంతో ఆవిడ, ఒకే యజమాని అంటూ లేని కొత్త పద్ధతికి మారారు. అక్కడ ఎవరి సర్వరు వాళ్ళది; సొంత ఇల్లు కట్టుకుని పక్కిళ్ళకు దారి వదిలినట్టు. ఇంట్లో పాత కంప్యూటరు మీదే సర్వరు నిలబెట్టి, గ్రూపులో లింకు ఇచ్చారు. ఒక్క పురుగూ రాలేదు.

"కొత్తింట్లో నేనే ప్రశ్న అడిగి, నేనే జవాబు చెప్పుకుంటున్నానండీ. నెలాఖరు దాటితే తలో దిక్కు అయిపోతారు. బేరింగు నూనె గురించి నేనింకెవరితో మాట్లాడను?"

"సామూహిక అపహరణ!" గర్జించాడు సోమయాజులు. "నెత్తుటి జాడ దొరికితే చాలు."

"ఆన్‌లైన్ల నెత్తురేందిరా నీ మొకం!" అన్నాను.

"అదే ఈ కేసులో క్లిష్టమైన భాగం."

మొదటి అనుమానితుడు బిచ్చయ్య. నాంపల్లిలో ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఆయనది. సంఘంలో ఆయన మాటే మాట. వేలిముద్రల పొడి తెస్తానని బేగం బజార్ పోయిన మావాడు పూజాసామాన్ల కొట్లో ఎర్రటి పొడి పొట్లం కట్టించుకొచ్చాడు.

"గిది కుంకుమరా."

"ఆ తేడా నేరస్థుడికి తెలియదు కరుణాకర్!"

ముగ్గురం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి దుకాణంలోకి వెళ్ళాం. కమలకుమారి గారిని చూడగానే బిచ్చయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పాపభీతి!" అని నా చెవిలో గుసగుసలాడాడు సోమయాజులు, రోడ్డు అవతలికి వినపడేలా. బల్ల మీది ఫ్యాను జాలీ మీద పొట్లమంతా కుమ్మరించి, ముద్రలు స్పష్టంగా కనపడాలని లైటు స్విచ్చి వేశాడు.

అది లైటు స్విచ్చి కాదు.

ఎర్రమబ్బు దిగాక చూస్తే బిచ్చయ్య నుదురు, ముక్కు, మీసం, అంతా కుంకుమే. ఇక తన్నులే అనుకున్నాను. ఆయన నుదురు తడుముకుని, వేళ్ళు చూసుకుని, నెమ్మదిగా నవ్వాడు.

"ఏం కమలమ్మా, గిదేదో ముందుగాలనే జేస్తే అయిపోవు గద! కొత్తిల్లు కట్టినవ్. మమ్ముల బొట్టు వెట్టి పిలిచినవా? లింకు పారేసి ఊకున్నవ్. పిలువని ఇంటికి ఎట్ల వస్తం? మాకు ఇజ్జత్ లేదా?"

"అంటే... అందరూ అలిగారా?"

"ఔ. పెద్దమనిషిని, నన్నే పిలువకపోతివి. తతిమ్మోళ్ళు ఎట్ల కదులుతరు?"

"తప్పయిపోయింది బిచ్చయ్యగారూ," అన్నారావిడ, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. "రండి. అందర్నీ పేరుపేరునా పిలుస్తాను."

బిచ్చయ్య తన ఎర్రమొహం ఫొటో తీసి సంఘంలో అందరికీ పంపాడు: 'బొట్టు అయింది. పాండ్రి, కొత్తింటికి.'

సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌లో ఆవిడ మాకు ఐస్‌క్రీం ఇప్పించారు. తన కప్పు మాత్రం కరిగిపోతున్నా ఫోను వదల్లేదు. కొత్తింట్లో బిచ్చయ్య మొదటి ప్రశ్న: 'జాలీల కుంకుమ ఇరికింది. ఎట్ల తీయాలె?' దానికి జవాబులు, జవాబుల మీద కొట్లాట.

"గాలి వేగం ముందే లెక్కగట్టాను," అన్నాడు సోమయాజులు.

అప్పుడే బిచ్చయ్య రెండో ప్రశ్న పడింది: 'గుమ్మం కాడ నా కుడికాలు చెప్పు మాయమైంది. మంచి డిటెక్టివ్ ఎవరన్న ఉన్నరా?'

నేను సోమయాజులు కాళ్ళ వంక చూశాను.