వేడెక్కితే గానీ ఆగని కారు

'ఇందుమూలంగా వీధిలోని యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ప్రతిరోజూ ఉదయం ఎనిమిది గంటల నుండి పావుగంటసేపు కొలతలాయన గారి కారు బ్రేకులు వేడెక్కును. కావున ఆ సమయంలో ఎవరూ రోడ్డు దాటరాదు.'

కిరాణా షాపు స్తంభానికి అంటించిన ఈ ప్రకటన కింద వర్తక సంఘం అధ్యక్షుడి సంతకం, ముద్ర ఉన్నాయి. వీధిలో ఎవరికీ ఇందులో వింతేమీ కనబడలేదు. కొత్తగా వచ్చినవాళ్లు రెండుసార్లు చదువుకుని, తమ కళ్లనే తప్పుబట్టి వెళ్లిపోయేవారు.

కొలతలాయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. వారమంతా కొట్లలో కాటాలు తనిఖీ చేస్తాడు. ఏడాదికి నాలుగు ఆదివారాలు మాత్రం రేసు డ్రైవరు. ఊరి బయట పాడుబడిన రన్‌వే మీద ఔత్సాహికుల క్లబ్బు నడిపే పోటీల్లో ఇంట్లో వాడే కారుతోనే పాల్గొంటాడు. కిందటిసారి పదకొండు కార్లలో తొమ్మిదో స్థానం సాధించాడు. మిగతా రెండూ స్టార్టు కాలేదు. ఆ ప్రశంసాపత్రం ఫ్రేము కట్టి హాల్లో ఉంది.

పదో స్థానానికి జారిపోయే ప్రమాదం పొంచి ఉండటంతో ఆయన మంచి బ్రేక్ ప్యాడ్ల కోసం మెకానిక్ దగ్గరకు వెళ్లాడు. మెకానిక్ లోకజ్ఞానం లేని మనిషి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రేసు ప్యాడు బాగా వేడెక్కితేనే పట్టుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు జారుతుంది. మామూలు ప్యాడు చల్లగా ఉన్నా పట్టుకుంటుంది గానీ రేసులో మాడిపోయి చేతులెత్తేస్తుంది. రెండు సెట్లూ ఉంచుకుని, రేసు ముందు రోజు మార్చుకుంటే సరి, గంట పని.

కొలతలాయన ముఖం ఎర్రబడింది. "ఒక కొట్లో రెండు రకాల తూకం రాళ్లు దొరికితే నేను కేసు రాస్తాను. నా కారుకే రెండు రకాలు పెట్టమంటావా?" అన్నాడు.

నీతి ముందు మెకానిక్ తలవంచాడు. కారుకు రేసు ప్యాడ్లే వేశాడు.

అప్పటినుంచి రోజూ ఎనిమిదింటికి కారు గేటు దాటుతుంది, ఒక్క ఊపున దూసుకెళ్తుంది, కీచుమంటూ ఆగబోతుంది, మళ్లీ దూసుకెళ్తుంది. ఇలా ఐదుసార్లు. టైలరు ఆ పావుగంట సూదిలో దారం ఎక్కించడం మానుకున్నాడు. వెనకసీట్లో తొమ్మిదేళ్ల కూతురు బడిసంచిని పొట్టకు అదుముకుని, ముందు సీటుకు కాళ్లు తన్నిపెట్టి కూర్చుంటుంది. ఐదో కీచు వినబడితే కాళ్లు దించుతుంది. అప్పుడాయన దిగి, ఆఫీసు థర్మామీటరుతో చక్రం వేడి చూసి, పుస్తకంలో రాసుకుని, తృప్తిగా మళ్లీ ఎక్కుతాడు.

ఈ మోతకు వీధి కిమ్మనకపోవడం వెనక ఉన్నది క్రీడాభిమానం. ఆ వీధిలో కిలో అంటే తొమ్మిది వందల ఇరవై గ్రాములు. ఈ సంగతి కొనేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లకు తెలుసు, ఏటా కాటాల మీద ముద్ర వేసే కొలతలాయనకు అందరికంటే బాగా తెలుసు. కాబట్టి క్రీడలంటే వర్తకులకు ప్రాణం.

ఒక వానరోజు పొద్దున పాపకు పరీక్ష. ఆలస్యమైంది. మూడు కీచులతో సరిపెట్టి కొలతలాయన మలుపు తిప్పాడు. బ్రేకు తొక్కాడు. ఆ సంగతి కారుకు ఎవరూ చెప్పినట్టు లేదు. అది నింపాదిగా వెళ్లి కిరాణా షాపు ముందున్న ఉల్లిపాయల బస్తాలను గుద్ది ఆగింది. పాప ముఖం ముందు సీటుకు కొట్టుకుని పెదవి చిట్లింది. ఆ రక్తం చూసి ఆయనకు ఒళ్లంతా చల్లబడింది. పిల్లను ఎత్తుకుంటుంటే చేతులు వణికాయి. రేసులో ఏనాడూ అంత భయపడలేదు.

కిరాణా ఆయన బయటికొచ్చి పగిలిన బస్తాలను, కారును, తన కాటాను వరసగా చూశాడు. "తప్పు నాదేనండి. బస్తాలు కాస్త ముందుకు పెట్టాను," అన్నాడు. టైలరు, పండ్ల కొట్టాయన, మాంసం కొట్టాయన అందరూ బస్తాలనే కోప్పడ్డారు.

ఎదురుగా గోనెపట్టా మీద కూర్చున్న ఆకుకూరలావిడ మాత్రం లేచి వచ్చింది. "బ్రేకు పట్టలేదు బాబూ, నేను చూశాను. పిల్ల నోట్లోంచి రక్తం కారుతుంటే ఉల్లిపాయల గొడవేంటి?" అంది.

వీధి నివ్వెరపోయింది. ఇంత తెగువ ఆవిడకు ఎక్కణ్నుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. ఆకుకూరలు కట్టల లెక్కన అమ్ముతారు. ఆవిడకు కాటా లేదు.

ఆ సాయంత్రం భార్య అరవలేదు, ఏడవలేదు. పాప పెదవికి మందు రాస్తూ, "ఏడాదికి నాలుగు ఆదివారాలు మీవి. మిగతా రోజులన్నీ ఆ కార్లో కూర్చునేది ఇది," అంది.

మర్నాడు కొలతలాయన మెకానిక్ షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్లో మామూలు ప్యాడ్ల డబ్బా. మెకానిక్ చక్రం కూడా విప్పాడు. సరిగ్గా అప్పుడే వర్తక సంఘం యావత్తూ తీర్మానం పట్టుకుని దిగింది.

"బంగాళాదుంపల బస్తాలు పక్కనే ఉన్నా, మెత్తటి ఉల్లిపాయలనే ఎంచుకున్న తమ సమయస్ఫూర్తిని ఈ సంఘం ముక్తకంఠంతో అభినందిస్తోంది," అని అధ్యక్షుడు చదివాడు. "తమవంటి వేగమూర్తి మామూలు ప్యాడ్లకు దిగజారితే ఈ వీధి తలెత్తుకోగలదా? ఇకపై కొట్లన్నీ రెండడుగులు వెనక్కి జరుపుకుంటామని హామీ ఇస్తున్నాం."

కొలతలాయన లేచి నిలబడి తీర్మానం రెండు చేతులా అందుకున్నాడు. నిన్నటి వణుకు భయానికి కాదు, వాన చలికి వచ్చిందని తోచింది. డబ్బా మెకానిక్‌కు తిరిగిచ్చేశాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ముక్తకంఠంలో ఒక కంఠం తక్కువైంది. వారం తిరక్కుండా, వినియోగదారుల ప్రయోజనాల దృష్ట్యా ఆకుకూరలు సైతం తూకం ప్రకారమే అమ్మవలెనని కొలతల శాఖ నుంచి ఉత్తర్వు వెలువడింది. ఆకుకూరలావిడ చిన్న కాటా కొనుక్కుంది. కొలతలాయన స్వయంగా వచ్చి ముద్ర వేశాడు. కాటా చాలా బాగుందని మెచ్చుకుని, ఆ రోజు ప్రమాదం ఎలా జరిగిందని మాటవరసకు అడిగాడు.

ఆవిడ కాటా వంక చూసింది. తడిసిన తోటకూర సర్దుకుంటూ, "వాన కదా బాబూ, నాకు సరిగ్గా కనబడలేదేమో," అంది. ఈ మాట ఆయన పుస్తకంలోకి ఎక్కడంతో ప్రమాదంపై విచారణ ముగిసింది.

ఇప్పుడు తల్లీకూతుళ్లు బడికి నడిచి వెళ్తున్నారు. మలుపు దగ్గర ఆగి, ఆయన కారు వెళ్లిపోయాకే రోడ్డు దాటుతారు. వీధి మొత్తం కారుకు చేతులూపుతుంది, ఆకుకూరలావిడతో సహా. పాప మాత్రం అమ్మ చెయ్యి వదలదు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చదివిన మీరు వెళ్లి ఆయనకు నిజం చెప్పొచ్చు, ఎవరూ అడ్డుపడరు. మీ కాటా మీద ముద్ర ఎవరిదో మాత్రం ఒకసారి చూసుకుని బయల్దేరండి.