అట్టపెట్టె ఉన్నదే ఒరిజినల్

స్వతంత్ర దేశంలో ఏ పౌరుడి ఇంజనులోకీ అనుమానాస్పదమైన ఆయిలు ప్రవేశించరాదు. ఈ మహత్తర సిద్ధాంతాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది మన కొత్త ఆంధ్ర రాష్ట్రమేననీ, అదీ కర్నూలులో గుడారాల కింద నడిచే ఒక ఆఫీసులో, మిట్టమధ్యాహ్నం ఎండకు బుర్రలు కాగుతుండగా కనిపెట్టిందనీ చెప్పుకోవడానికి నంద్యాలవాడిగా నేను గర్విస్తున్నాను. (గర్వించనివాళ్లను ఏం చేయాలో ఇంకా ఉత్తర్వులు రాలేదు.)

ఆ ఆఫీసు పేరు మోటారు తైల పరిశుద్ధి విభాగం. ఒకసారి గాలివానకు గుడారం లేచిపోయి తుంగభద్ర ఒడ్డున పడితే, విభాగం కొన్నాళ్లు అక్కడే పనిచేసిందట. ఫైళ్లు ఎక్కడ పడితే ప్రభుత్వం అక్కడ ఉన్నట్టే లెక్క.

కారు మొహం ఎరగనివారి కోసం కొంచెం చెప్పాలి. ఇంజనులో తిరిగే ఆయిలులో మట్టీ, ఇనుప రజనూ చేరతాయి. వాటిని వడకట్టే చెంబంత వస్తువును ఫిల్టరు అంటారు. కారు చేసిన కంపెనీయే చేసి ఓడలో పంపేది ఒరిజినల్. మనవాడెవడో రేకు డబ్బాలో జిన్నింగు మిల్లు దూది కూరి మూత అతికించేది లోకల్. మొదటిది దొరకదు, రెండోది నిలవదు. వీటిలో ఏది కొనాలన్నది ఇదివరకు కారున్నవాడి తలనొప్పి. ప్రభుత్వం దయతలిచి ఆ తలనొప్పిని తన నెత్తిన వేసుకుంది. అద్దెకు తిరిగే ప్రతి కారుకూ ఒరిజినల్ ఫిల్టరే ఉండాలి, ఉన్నట్టు సర్టిఫికెట్టు ఉండాలి, లేదా పర్మిట్టు రద్దు.

ఆళ్లగడ్డ దేవరాజుకు అలాంటి అద్దె కారు ఒకటి ఉండేది. తన భాగానికి వచ్చిన నల్లరేగడి చేనును అన్నకే అమ్మేసి, ఎవరో దొర వాడి వదిలిపోయిన ఇంగ్లీషు కారు కొన్నాడు. భార్య రామేశ్వరమ్మ చేను పోయినందుకు ఒక పూట ఏడ్చి, రెండో పూట కారుకు పసుపూ కుంకుమా పెట్టింది. పెళ్లివారినీ, ఆసుపత్రికి పోయేవారినీ ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య తిప్పుతూ అతను ఇల్లు నడుపుతున్నాడు. ఆ కారు ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఈ సంగతి అతనికి తెలుసు, ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. విభాగానికి తెలియాలని ఏ నిబంధనా లేదు.

తనిఖీకి ముందు దేవరాజు నంద్యాలలో మాధవయ్య మోటారు సామాన్ల కొట్టుకు వచ్చాడు. (పేపరు ఊరికే చదవడానికి నేను రోజూ కూర్చునే కొట్టు అదే.)

"మాధవయ్యన్నా, కంపెనీ ఫిల్టరు ఉండాదా?"

"ఎట్లాంటిది కావల్లప్పా? మూడు రకాలు ఉండాయి."

"మూడేంది? కంపెనీది, లోకల్‌ది, రెండే గదా?"

"అవి పాత రోజులు. లోకల్ పెట్టెలో లోకల్ ఒకటి. కంపెనీ పెట్టెలో లోకల్ ఒకటి, అది బాగా పోతాంది. ఇంగ అచ్చంగా కంపెనీ ఫిల్టరు ఒక్కటి మిగిలుండాది గానీ, దానికి పెట్టె ల్యాదు."

"పెట్టె యాడికి పాయె?"

"చెప్తి గదప్పా, బాగా పోతాందని."

దేవరాజు ఆలోచించాడు. ఆయిలు పోయేది ఫిల్టరులోంచి గానీ అట్టపెట్టెలోంచి కాదు గదా అనుకున్నాడు. చదువుకోనివాడు గనక ఇంత తప్పుగా ఆలోచించాడు. పెట్టె లేని కంపెనీ ఫిల్టరు కొని, అక్కడే బిగించుకుని, తనిఖీ జరిగే ట్రావెలర్సు బంగళాకు బయలుదేరాడు. చోద్యం చూద్దామని నేనూ కారెక్కాను.

తైల పరిశుద్ధి తనిఖీ అధికారి ఆదిశేషయ్య గారు నిప్పులాంటి మనిషి. ఎవరిచ్చినా కాఫీ కూడా ముట్టరు. ఆయన లంచం తినేవారైతే ఎంత బాగుండేది! లంచగొండి కనీసం ఎదుటివాడి మాట వింటాడు.

"పెట్టె ఏదయ్యా?" అన్నారు ఆదిశేషయ్య గారు.

"పెట్టె ల్యాదు సార్. ఫిల్టరు ఉండాది. కంపెనీదే. మూత ఎత్తుతా, సూడండి."

"చూడకూడదు."

"ఏంది సార్?"

"నాలుగో నిబంధన. అధికారి కళ్లతో చూసి తేలిస్తే పక్షపాతానికి తావుంటుంది. పెట్టె చూసే తేల్చాలి. నీకు పెట్టె లేదు. కాబట్టి అది లోకల్."

మళ్లీ మాధవయ్య కొట్టు. ఒట్టి పెట్టె ఇమ్మని దేవరాజు బతిమాలాడు. ఒట్టి పెట్టెలు అమ్మితే మోసాలు జరుగుతాయని విభాగం వాటిని మొన్ననే నిషేధించిందట. లోపల ఏదో ఒకటి ఉండి తీరాలి. సరేనని దేవరాజు కంపెనీ పెట్టెలో ఉన్న లోకల్ ఫిల్టరు కొన్నాడు. పెట్టె చూపించి సర్టిఫికెట్టు తీసుకుని, లోపలిదాన్ని కుందూ నదిలో పారేసి, ఇంజనులో ఉన్న అసలుదాన్ని అలాగే ఉంచుకుందామని అతని ఎత్తు. నేను కూడా భేష్ అన్నాను.

పెట్టెను చూడగానే ఆదిశేషయ్య గారి మొహం విప్పారింది. "ఒరిజినల్ అంటే ఇదీ!" అన్నారు. తరువాత, తమ బాధ్యత గుర్తొచ్చి, "ఇందాకటి లోకల్‌ది ఇంజనులోనే ఉన్నట్టుంది. అది తీసేసి దీన్ని నా ఎదుట బిగించు" అన్నారు.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటా. దీంట్లో ఉండేది దూది సార్. అది ఇంజను కడుపులోకి పోతే పట్టేస్తాది. నా బండి సచ్చిపోతాది."

"పెట్టె మీద దూది అని రాసి లేదు."

బిగించక తప్పలేదు. ఎవరూ విప్పకుండా దారం చుట్టి లక్కతో సీలు వేసి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. సీలు తీస్తే పర్మిట్టు రద్దు. బయటికి తీసిన ఫిల్టరును నకిలీ సరుకుగా ప్రకటించి, ప్రజలకు బుద్ధి వచ్చేలా బంగళా మెట్ల మీద సుత్తితో పగలగొట్టమన్నారు. బంట్రోతుకు చెమటలు పట్టాయి గానీ అది ఒక పట్టాన పగల్లేదు. "లోకల్ సరుకు ఎంత మొండిదో చూశారా?" అన్నారు ఆదిశేషయ్య గారు నావైపు తిరిగి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తరువాత దేవరాజు కారును బాలింతలా చూసుకున్నాడు. ఎక్కువమందిని ఎక్కించుకోలేదు, గట్టిగా తోలలేదు. అయినా వేసవి రాకముందే, ఆసుపత్రికి పోయే ఒక ముసలాయనతో వస్తుండగా, శిరివెళ్ల దగ్గర ఇంజను కీచుమని అరిచి బిగుసుకుపోయింది. ముసలాయన బస్సెక్కాడు. కారుకు ఎద్దులు కట్టి ఆళ్లగడ్డకు లాక్కొచ్చారు. కబురు విని నేనూ వెళ్లాను. రామేశ్వరమ్మ వాకిట్లో నిలబడి చూసింది.

"చేనూ పాయె, బండీ పాయె" అని లోపలికి పోయింది. ఈసారి ఏడవలేదు. అది చూడడం నావల్ల కాలేదు.

మేస్త్రీ ఇంజను విప్పితే ఆయిలు దారుల నిండా దూదే. ఆ దూది గుడ్డలో కట్టుకుని దేవరాజు కర్నూలుకు అర్జీ పెట్టాడు. విభాగం ఆలస్యం చేయలేదు. విచారణకు ఆదిశేషయ్య గారే బస్సులో దిగారు. దూదిని చూడలేదు (నాలుగో నిబంధన). సీలు చూశారు, పెట్టె చూశారు, అర్జీ వెనక్కి తిప్పి అక్కడే తీర్పు రాశారు. సీలు చెదరలేదు, పెట్టె కంపెనీది, కాబట్టి ఫిల్టరు ఒరిజినల్. ఒరిజినల్ ఫిల్టరు ఒరిజినల్ ఇంజనుకు హాని చేయదు. హాని జరిగింది. కాబట్టి ఇంజనే లోకల్.

"ఇది ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో వచ్చిన కారు సార్!" అన్నాడు దేవరాజు.

"అలాగా? ఇంజను వచ్చిన పెట్టె చూపించు."

నకిలీ ఇంజనుతో ప్రజలను మోసగించినందుకు పర్మిట్టు రద్దయింది. ఇంత చిక్కుముడిని ఒక పూటలో విప్పినందుకు ఆదిశేషయ్య గారికి జిల్లా మొత్తం అప్పగించారు. నిబంధనలను ఎవరూ చెరపకుండా ఆళ్లగడ్డ శిల్పులతో రాతిమీద చెక్కించే ఆలోచన కూడా ఉందట. (దేవుళ్లను చెక్కిన చేతులే, ఏదైనా చెక్కుతాయి.)

దేవరాజు ఇప్పుడు అన్న చేలో, అంటే మొన్నటిదాకా తనదే అయిన చేలో, కూలికి పోతున్నాడు. అతని ఫిల్టరు సర్టిఫికెట్టు వచ్చే మార్చి ఆఖరు దాకా చెల్లుతుంది.