వేరుశనగ గింజంత సీసం

ఆ ఆదివారం పొద్దున అల్లుడి పథకం చాలా తేలికైనది. బీచికి వెళ్లాలి, ఒక చేప పట్టాలి, ఆ చేపతో మామగారి ముందు నిలబడి క్షమాపణ అడగాలి. ఉత్త చేతులతో అడిగిన క్షమాపణలన్నీ ఎప్పుడో చెల్లకుండా పోయాయి. చేపలు పట్టడం అతనికి రాదు. కానీ అదొక అడ్డంకి అని అతనికి తోచలేదు. కళ్లద్దాల దుకాణం నడిపేవాడికి లోకంలో ప్రతిదీ స్పష్టంగానే కనిపిస్తుంది.

పోయిన వేసవిలో అతను కారు వెనక్కి తీస్తూ మామగారి గాలం కర్ర మీదుగా పోనిచ్చాడు. కర్ర రెండు ముక్కలైంది. ఉద్యోగమంతా బస్సు నడిపి ఒక్క గేటుకైనా గీత పెట్టని మామగారు, ఆ ముక్కల్ని చూసి కూడా తమాయించుకునేవారే. అల్లుడే నోరు జారాడు. "పోనీలెండి మావయ్యగారూ, కర్రే కదా" అన్నాడు. అంతే, ఆయన అతనితో మాట్లాడటం మానేశారు. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, "అమ్మాయీ, మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటు జరపమను" అంటారు. అల్లుడు చేసిచ్చిన కొత్త కళ్లద్దాల్ని పెట్టెలోంచి తీయనైనా తీయలేదు. చూపు ఆనని పాతవాటితోనే నెట్టుకొస్తున్నారు.

వాళ్లిద్దరి మధ్యా నలిగిపోతున్నది ఆయన కూతురు. ఆవిడకి ఏడో నెల.

"నాకిక ఓపిక లేదండీ," అంది ఆవిడ, గుమ్మంలో మొగుణ్ని నిలదీస్తూ. "బిడ్డ పుట్టాక దాని చేత కబుర్లు పంపించుకుంటారా? దానికి మాటలొచ్చేదాకా ఇంట్లో అందరం చప్పిడి కూడే తినాలి."

"ఇవాళ తేల్చేస్తాగా."

"అయితే వినండి. ఎవరికీ మరీ దగ్గరగా నిలబడొద్దు. తిన్నగా ఎదురుగా విసరండి. పక్కవాళ్లకి చేప పడితే మీ దారం చుట్టేసి వాళ్లకి చోటివ్వాలి, అది అక్కడి మర్యాద. అన్నిటికన్నా ముఖ్యం, దారానికి బరువైన సీసం కట్టండి. తేలికైతే నీళ్లలో నిలవదు."

మొదటి మూడూ అతను బుద్ధిగా విన్నాడు. నాలుగోదాని దగ్గర సొంత బుర్ర వాడాడు. గాలాల దుకాణంలో చూపించిన సీసపు గుండు నిమ్మకాయంత ఉంది. అంతది నెత్తిన పడ్డాక ఏ చేప మాత్రం అక్కడ నిలబడుతుంది? అందుకని వేరుశనగ గింజంతది ఎంచుకున్నాడు. తన తెలివికి తానే లోలోపల మురిసిపోయాడు కూడా.

బీచిలో మామగారు మడమల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. ఆయనకి ఆవలిపక్క ఆయన ఆదివారపు నేస్తం, పళ్ల డాక్టరమ్మ. అల్లుడు టోపీ కళ్ల మీదకి లాక్కుని, ఈవలిపక్క, కేకేస్తే వినపడేంత దూరంలో చోటు చూసుకున్నాడు. మామగారికి పాత కళ్లద్దాల్లోంచి టోపీ తప్ప ఏమీ ఆనలేదు. ఎవరో కొత్తాయన అనుకుని మర్యాదగా చెయ్యి ఊపారు. ఇన్నాళ్లకి దక్కిన ఆ పలకరింపుకి అల్లుడి కళ్లు చెమ్మగిల్లాయి.

మొదటిసారి విసిరితే గాలం ఇసకలో పడింది. రెండోసారి అతని టోపీకే తగులుకుంది. మూడోసారి సముద్రం చేరింది. అయితే సముద్రం ముందుకీ వెనక్కీ ఊగడమే కాదు, పక్కకి కూడా లాగుతుంది. ఆ లాగుడుకి వేరుశనగ గింజ ఏం ఆగుతుంది? తీరం వెంబడి షికారుగా కొట్టుకుపోయి, మామగారి దారాన్ని శుభ్రంగా చుట్టేసుకుంది.

ఎర ఉందో లేదో చూద్దామని మామగారు రీలు తిప్పారు. అల్లుడి కర్ర వంగింది. "పడింది" అని అరిచి అతను బలం కొద్దీ లాగాడు. దాంతో మామగారి కర్ర వంగింది. "నాకూ పడింది" అని ఆయనా అరిచారు.

మర్యాద తెలిసిన డాక్టరమ్మ వెంటనే తన దారం చుట్టేసింది. ఆవిడకి అవతల ఉన్నవాళ్లూ చుట్టేశారు. బీచి మొత్తం పని మానుకుని ఇద్దరి చుట్టూ మూగింది.

"డాక్టరమ్మగారూ, నాది పెద్దది. ఆ టోపీ ఆయన్ని దారం చుట్టెయ్యమనండి," అన్నారు మామగారు. ఎవరి చేతనైనా కబురు పంపించడం ఆయనకి బాగా అలవాటు.

డాక్టరమ్మ పరుగున వెళ్లి పరుగున వచ్చింది. "ఆయనదీ పెద్దదేనట సార్. వదలనంటున్నారు."

"మర్యాద తెలియనివాడిలా ఉన్నాడే."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఇద్దరూ బిగదీసుకున్నారు. ఒకరి చేప దగ్గరికొచ్చినప్పుడల్లా రెండోవారి చేప పారిపోయేది. అందరి కళ్లూ నీళ్ల మీదే ఉండటం వల్ల ఆ వరస ఎవరికీ పట్టలేదు. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, బయటికి రాని చేపలో తోక ఎవరికి, తల ఎవరికి అని జనం వాటాలు కూడా వేసేసుకున్నారు. ఆ ఉత్సాహంలో డాక్టరమ్మ ఇంటికి ఫోను చేసింది. "మీ నాన్నగారికి జన్మలో పడనంత చేప పడిందమ్మా. ఉన్న బకెట్లలోకెల్లా పెద్దది పట్టుకురా."

రెండు వీధుల అవతలే ఇల్లు. కూతురు ఆయాసపడుతూ బకెట్టుతో వచ్చి, ఇసక మొదట్లోనే ఆగిపోయింది. ఇటు కర్ర వంగితే అటు కర్ర లేస్తోంది. అటుది వంగితే ఇటుది లేస్తోంది. ఆవిడకి ఇది కొత్త కాదు. రోజూ భోజనాల బల్ల దగ్గర చూస్తున్నదే.

తిన్నగా వెళ్లి వాళ్లిద్దరి మధ్యా బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"నాన్నా, నీ చేప టోపీ పెట్టుకుంది. ఏమండీ, మీ చేప బస్సు నడిపి రిటైరైంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు లాక్కుంటున్నారు."

మామగారు పాత కళ్లద్దాలు తుడుచుకుని నాలుగడుగులు ముందుకేసి చూశారు. మొహం కందగడ్డ అయింది. "అమ్మాయీ, మీ ఆయన్ని దారం వదలమను."

కూతురు సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

"నిన్నే. చెప్పు."

"నా వల్ల కాదు నాన్నా. ఇప్పుడు మీ మధ్య నేను లేను, దారం ఉంది. చిక్కు మీరే తీసుకోండి."

బీచంతా చూస్తోంది. పెద్ద అల వచ్చి రెండు కర్రల్నీ ఒక్కసారే వంచింది. మామగారు అటూ ఇటూ చూశారు. చెప్పిపెట్టడానికి ఈసారి డాక్టరమ్మ కూడా ముందుకి రాలేదు.

"లాగకు బాబూ," అన్నారు చివరికి, గొంతు సవరించుకుని. "తెగుతుంది. నువ్వు వదులు, నేను చుడతాను."

అల్లుడు వదిలాడు. ముద్దకట్టిన దారమూ, నాచూ, అందులో చిటికెన వేలంత చేపపిల్ల ఒడ్డుకొచ్చాయి. కొండని తవ్వి ఎలకని పట్టిన సంబరంతో జనం చెదిరిపోయారు. చేపపిల్లని నీళ్లలోకి వదిలేసి, మామా అల్లుళ్లు ఇసకలో చతికిలబడి చిక్కు తీయడం మొదలుపెట్టారు.

"ఇదేమిటి?" అన్నారు మామగారు, వేళ్ల మధ్య ఏదో పట్టుకుని.

"సీసం, మావయ్యగారూ."

"డాక్టరమ్మగారూ, ఎవరి పంట్లోనైనా పెట్టడానికి పనికొస్తుందేమో చూడండి."

అల్లుడు తల దించుకున్నాడు. "ఆ రోజు కర్రే కదా అన్నాను. చాలా తప్పుగా అన్నాను. ఈ కర్ర మీ కోసమే కొన్నాను. చేప పట్టి, దాంతోపాటు మీకిద్దామనుకున్నాను."

మామగారు కర్రని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నిమిరి చూశారు. తరవాత, "దగ్గరివీ ఆనడం లేదు. ఆ కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటేగానీ ఈ చిక్కు తెమలదు," అన్నారు.

ఇంటికొచ్చినా ఆయన ఆగలేదు. ఇన్నాళ్లూ దాచుకున్న మాటలన్నీ గట్టు తెగినట్టు వచ్చాయి. ఏ అలకి ఎంత సీసమో, ఏ ఎరకి ఎలాంటి ముడో, గాలి ఎటు తిరిగితే ఎటు విసరాలో చెబుతూనే ఉన్నారు. బల్ల మీద ఉప్పు డబ్బాని సీసపు గుండు చేసి అటూ ఇటూ జరుపుతున్నారు. ఊఁ కొట్టీ కొట్టీ అలసిపోయిన అల్లుడు భార్య వైపు వంగాడు.

"మీ నాన్నగారికి కాస్త చెప్పవూ, ముందు భోంచెయ్యమని."

ఆవిడ తన పళ్లెం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. చాలా నెలల తరవాత ఆవిడ వేడి వేడిగా భోంచేసింది.