ముప్పై అడుగుల మాను, ముప్పై ఎనిమిది మంది చేతకానివాళ్లు

ఆ ఆదివారానికి ముత్యాలప్ప వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పది గంటలకు పెనుకొండ బయలులో మాను ఎక్కే పోటీ, పదకొండుకు బహుమతి, పన్నెండుకు హిందూపురం బస్సు, ఒంటిగంటన్నరకు భార్య నీలావతి వడ్డించే ఓళిగలు. పంచాయతీ సమితులు వచ్చిన కొత్త అది. ముత్యాలప్ప పెనుకొండ సమితిలో గ్రామసేవకుడు, నీలావతి హిందూపురంలో బడిపంతులమ్మ. పెళ్లయి మూడేళ్లయినా వాళ్లు కాపురం చేసింది ఆదివారాల్లోనే.

సినిమాకు ముందు వేసే న్యూస్ రీలు కోసం పల్లెల్లో జరిగే పోటీ ఒకటి తీయడానికి మద్రాసు నుంచి కెమెరా మనిషి వస్తున్నాడు. "రీలు బాగా వచ్చిందంటే నీ హిందూపురం బదిలీ కాగితం మీద ఆ సాయంత్రమే సంతకం పెడతా" అని సమితి ఆఫీసరు మాట ఇచ్చాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ముత్యాలప్పకు నిద్ర లేదు.

ముత్యాలప్పతో వచ్చిన చిక్కేమిటంటే, ఏ పనైనా పద్ధతిగా చేస్తాడు. ఇంకొకరైతే టముకు వేయించి ఊరుకునేవారు. అతను దరఖాస్తు ఫారాలు అచ్చు వేయించాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, చెట్లు ఎక్కడంలో ఎన్నేళ్ల అనుభవం, కింద ఎడమ బొటనవేలి ముద్ర. సెకన్ల ముల్లున్న మంచి గడియారం ఎవరి దగ్గరుందా అని ఊరంతా వాకబు చేసి, ఆ గడియారం గల పెద్దమనిషినే న్యాయనిర్ణేతగా పిలిచాడు. ఆయన ప్రొహిబిషన్ ఎస్సై.

అవి మద్యనిషేధం రోజులు. కల్లు గీస్తే జైలు. ఆ చుట్టుపక్కల చెట్టెక్కడం బాగా వచ్చినవాళ్లు ఆ విద్య ఎందుకు నేర్చుకున్నారో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది ముత్యాలప్ప ఒక్కడికే.

ఫారాలు ఈతవనం పక్కనున్న పల్లెకు చేరగానే అక్కడి పెద్దమనిషి రంగప్ప ఇంటి ముందు జనం గుమిగూడారు. రంగప్ప భార్య సోమక్క ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు గానీ, సర్కారు కాగితమంటే ఏమిటో బాగా తెలుసు.

"ఇది పోటీ గాదు, వల" అంది. "అనుబవం ఎంతని అడుగుతాండారు. ఏలిముద్ర ఏయమంటాండారు. ఫోటోలు గూడా తీస్తారంట. ఆడ గడియారం పట్టుకోని నిలబడేది ఎవురనుకున్యారు? ఎస్సై! రేపు కోర్టులో బొమ్మ ఆడిచ్చి, ఎక్కింది వీడే అని సూపిస్తారు."

"అట్లయితే పోకుండా ఉంటే సరిపాయె గదా" అన్నాడు రంగప్ప.

"పోకపోతే ఇంకా అనుమానం. అందురూ పోండి. పొయ్యి, రానోళ్ల మాదిరి ఎక్కండి."

ముప్పై ఎనిమిది ఫారాలు వచ్చాయి. అనుభవం గడిలో ముప్పై ఎనిమిది మందీ "లేదు" అని రాయించారు. ముత్యాలప్ప పొంగిపోయి వాటిని ఆఫీసరుకు చూపించాడు. "మా జనానికి ఎంత వినయమో చూడండి సార్!"

ఆదివారం పది గంటలకు బయలు కిటకిటలాడింది. ముప్పై అడుగుల సరుగుడు మాను, దాని పైన కూర్చునేంత అడ్డపలక, పలక మీద బహుమతి కంబళి. ఎస్సై ఈల ఊదాడు. కెమెరా తిరిగింది. మొదట పిలిచింది రంగప్పను.

రంగప్ప మాను చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. చేత్తో తట్టి చూశాడు. "దీన్ని యా పక్క నుంచి ఎక్కల్ల సామీ?" అని వినయంగా అడిగాడు. తర్వాత మానును కావలించుకుని, జానెడు ఎత్తు లేచి, జారి, తల పట్టుకుని కూర్చున్నాడు. "కండ్లు తిరుగుతాండాయి సామీ."

రెండోవాడు మానుకు వీపు ఆనించి ఎక్కబోయాడు. మూడోవాడు మాను దాకా చేరకుండానే పడ్డాడు. నాలుగోవాడు రంగప్ప అల్లుడు. కుర్రతనం కొద్దీ ఒళ్లు మరిచి ఒక్క ఊపులో ఆరడుగులు పోయాడు. జనంలోంచి సోమక్క గట్టిగా దగ్గింది. అల్లుడు గబుక్కున జారి, కిందపడి, మోకాలు పట్టుకుని ఘొల్లుమన్నాడు.

ఇరవైమంది అయ్యేసరికి జనం నవ్వి నవ్వి అలిసిపోయారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "ఏమయ్యా, ఈ తాలూకాలో మనుషులకు కాళ్లూ చేతులూ లేవా? ఇది దేశమంతా చూడాలా?"

"ఇంకా మూడు నిమిషాల ఫిల్మే ఉంది" అన్నాడు కెమెరా మనిషి. "ఎవరో ఒకరు పైన కూర్చుని చెయ్యి ఊపితే చాలు. ఎక్కడం సంగతి నేను అతికించుకుంటా."

ముత్యాలప్పకు బదిలీ కాగితం కళ్ల ముందు ఎగిరిపోతున్నట్లనిపించింది. "నేను కూర్చుంటా సార్" అన్నాడు.

పొద్దున కంబళి పెట్టడానికి కరెంటు లైన్‌మన్ ఏసురత్నం దగ్గర తెచ్చిన పొడుగు నిచ్చెన అక్కడే ఉంది. పదకొండుకల్లా తిరిగి ఇస్తామన్న మాట మీద తెచ్చారు. ముత్యాలప్ప కళ్లు మూసుకుని నిచ్చెన ఎక్కి, పలక మీద కూర్చుని, కంబళి ఒళ్లో పెట్టుకున్నాడు. బొమ్మలో పడకూడదని నిచ్చెనను తీసి దూరంగా పడుకోబెట్టారు. ముత్యాలప్ప చెయ్యి ఊపాడు. అందరూ తలలెత్తి చూశారు.

సరిగ్గా పదకొండు గంటలకు ఏసురత్నం ఎద్దులబండిలో వచ్చాడు. సోమందేపల్లి దగ్గర తీగ తెగిందని కబురు. చూస్తే నిచ్చెన నేల మీద ఖాళీగా ఉంది. అందరూ పైకి చూస్తుంటే తనెందుకు అడ్డు రావాలని, నిచ్చెన బండికెత్తించుకుని వెళ్లిపోయాడు.

"చాలు, దిగండి" అన్నాడు కెమెరా మనిషి.

అప్పుడు నిచ్చెన కోసం వెతికారు. ఇంతలో మాను ఊగింది. కెమెరా మనిషి మళ్లీ కెమెరా తిప్పడం మొదలుపెట్టాడు. నాలుగడుగుల గుంత తవ్వమని ముత్యాలప్ప రాతపూర్వకంగానే చెప్పాడు. రెండడుగులకే బండ తగిలితే, కూలీలు అంతటితో సరిపెట్టారు. మాను ఒక పక్కకు ఒరగగానే ముత్యాలప్ప దాన్ని కరుచుకుని, "నీలా! నీలావతీ!" అని కేక పెట్టాడు. ఎవరో అమ్మవారిని తలుచుకుంటున్నాడనుకుని కొందరు దండం పెట్టారు.

"ఏం సూస్తాండావయ్యా?" అని సోమక్క మొగుడి మీద విరుచుకుపడింది. "పోయినేడు మన గొర్రెలకు సూదులేయించి బతికిచ్చింది ఆ పిల్లోడే గదా! పడి సస్తాడు, ఎక్కు!"

"ఎస్సై ఉండాడే..."

"ఎస్సై సంగతి నేను సూసుకుంటా. ఎక్కు!"

రంగప్ప తలగుడ్డ విప్పి పాదాలకు బంధం వేసుకున్నాడు. వెనకే అల్లుడు, ఇంకో ఇద్దరు. మిగిలినవాళ్లంతా మాను మొదలు పట్టుకుని నిలబడ్డారు. జానెడు దాటి ఎక్కలేని రంగప్ప చూస్తుండగానే పైన ఉన్నాడు.

"పదమూడు సెకన్లు!" అని ఎస్సై అరిచాడు. అరిచాక గానీ తానెవరో ఆయనకు గుర్తు రాలేదు.

రంగప్ప కంబళితో ముత్యాలప్పను చంటిబిడ్డలా చుట్టి, తలగుడ్డతో కట్టాడు. "కదలొద్దు సామీ. ఒరే, నిమ్మళంగా అందుకోండి. తొణక్కుండా దించల్ల!" ముత్యాలప్ప చేతులు మారుతూ నేలకు దిగాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

ఎస్సై గడియారం జేబులో పెట్టి, నోటుబుక్కు తీశాడు. "ఈ విద్య యాడ నేర్చినావు రంగప్పా?"

"ఈడనే సామీ. ఇప్పుడే."

పెన్సిలు కాగితం మీద ఆనేలోపల కెమెరా మనిషి పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఆఖరి షాటు! మీరు ఈ ఎక్కినాయనకు కంబళి కప్పి భుజం తట్టండి. కొంచెం నవ్వండి. దేశమంతా చూస్తుంది." ఎస్సై నోటుబుక్కు లోపల పెట్టి, జుట్టు సవరించుకుని నవ్వాడు. దేశం చూస్తుండగా భుజం తట్టిన మనిషిని మర్నాడు లాక్కుపోవడం ఎలాగో ఏ సర్క్యులరూ చెప్పలేదు. రంగప్పనూ, ఆ ముగ్గురినీ ఎవరూ ఏమీ అనలేదు.

ఆఫీసరు ముత్యాలప్పను కౌగిలించుకున్నాడు. "పోటీ అనుకుంటే ప్రాణరక్షణ విన్యాసం చూపించావయ్యా! నీలాంటివాణ్ణి హిందూపురానికి వదులుకుంటానా? నీ బదిలీ కాగితం చించేస్తాను పో!"

ముత్యాలప్పకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఆఫీసరు మళ్లీ కౌగిలించుకున్నాడు. పన్నెండు గంటల బస్సు పోయింది.

రెండు నెలలకు ఆ రీలు హిందూపురం టెంటు సినిమాకు వచ్చింది. నీలావతి తోటి పంతులమ్మలతో ఆడవాళ్ల బల్లల మీద కూర్చుని చూసింది. మొగుడి కేక వినబడలేదు. దాని మీద బాజాలు, ఎవరిదో గంభీరమైన గొంతు. కానీ మాను మీద అతని నోరు కదులుతుంటే, ఆ పెదాల మీద ఉన్నది తన పేరేనని ఆమెకు తెలిసిపోయింది. టెంటంతా నవ్వుతుంటే తనూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అతనంటే ఎంత ఇష్టమో ఆమెకు ఆ రోజు బాగా తెలిసింది.

మర్నాడు పొద్దున్నే తనను పెనుకొండ బడికి మార్చమని దరఖాస్తు పెట్టింది. నెల తిరగకుండానే మంజూరైంది. బదిలీ కోరడానికి కారణం అన్నచోట ఆమె రాసింది ఒక్క వాక్యమే: "మా ఆయనకు దిగడం రాదు."